పదహారు ఊళ్లు, అన్నిటిదీ ఒకటే ప్రశ్న

ప్రశ్న: అన్నా, నేనూ మా ఫ్రెండూ శని, ఆదివారాల్లో కూర్చుని ఒక టర్న్ బేస్డ్ (వంతులవారీగా ఆడే) స్ట్రాటజీ గేమ్ చేస్తున్నాం. కోడింగ్ నాది, బొమ్మలు వాడివి. నది ఒడ్డున చిన్న రాజ్యం, ఒక్క ఊరితో మొదలై పదహారు ఊళ్ల దాకా పెరుగుతుంది. ప్రతి ఊరికీ ప్రొడక్షన్ ఉంటుంది. గాదె, బజారు, కొలిమి, కోటగోడ, సైనికులు, పడవలు, ఏం కావాలన్నా దాంతోనే కట్టుకోవాలి. కట్టడాలు మొత్తం 31. ఆడి చూసినవాళ్లంతా మొదటి 40 టర్న్‌లు భలే ఉన్నాయన్నారు. 80 దాటాక మాత్రం ‘తర్వాత ఏం కట్టాలి?’ అనే విండో వస్తూనే ఉంటోందని, లిస్టులో పైన ఏది ఉంటే అది నొక్కేస్తున్నామని అంటున్నారు. కొత్తగా పెట్టిన ఊళ్లో గాదె కట్టడానికే 22 టర్న్‌లు పడుతోందని ఇంకో కంప్లైంట్. సరే అని అన్ని ఖర్చులూ సగానికి తగ్గించాం. ఇంకా బోర్ కొడుతోందన్నారు! ఇప్పుడు క్యూ (తర్వాత కట్టేవన్నీ వరసగా ముందే పెట్టుకోవడం) పెట్టాలా, డబ్బిచ్చి వెంటనే కొనుక్కునే ఆప్షన్ పెట్టాలా, ఊళ్లను కంప్యూటర్‌కే అప్పజెప్పాలా? మావాడైతే అసలు ప్రొడక్షనే తీసేద్దాం అంటున్నాడు. ఏం చేయమంటావు?

సమాధానం:

తమ్ముడూ, ఖర్చులు సగం చేస్తే ఇంకా బోర్ అన్నారని రాశావు చూడు, జబ్బేమిటో ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. లెక్క వేద్దాం. పదహారు ఊళ్లు. ఒక్కో కట్టడానికి సగటున 8 టర్న్‌లు అనుకో. అంటే ప్రతి టర్న్‌లో రెండు ఊళ్లు పని అయిపోయి ఆటగాడి ముందు చేతులు కట్టుకుని నిలబడతాయి. నువ్వు ఖర్చు సగం చేశావు, 8 కాస్తా 4 అయింది. ఇప్పుడు టర్న్‌కి నాలుగు ఊళ్లు నిలబడుతున్నాయి. ఎదురుచూపు తగ్గింది, ప్రశ్నలు రెట్టింపయ్యాయి. వాళ్లకు విసుగు తెప్పిస్తున్నవి ఆ ప్రశ్నలే.

పెళ్లింట్లో చూసే ఉంటావు. పెళ్లిపెద్దను విడిది ఎక్కడివ్వాలనో, వంటవాళ్లు రాకపోతే ఏం చేయాలనో అడిగితే ఆయన ఆగి ఆలోచిస్తాడు. అదే మనిషిని పది నిమిషాలకొకరు వచ్చి ‘బాబాయ్, విస్తళ్లు ఎక్కడ పెట్టమంటావు’ అని అడిగితే? ‘ఎక్కడో ఓ చోట పెట్టరా నాయనా’ అంటాడు. నీ టెస్టర్లు లిస్టులో పైది నొక్కడం అచ్చం అదే.

కాబట్టి నేను చెప్పేది ఒకటే. నీ ఊళ్లు అడిగే ప్రశ్నల సంఖ్య బాగా తగ్గాలి. అడిగిన ప్రశ్న మాత్రం ఆటగాణ్ణి కాసేపు ఆపాలి. క్యూ, కొనుగోలు, కంప్యూటర్ సాయం, అన్నీ దీని తర్వాతే.

ఈ చిక్కు నీ ఒక్కడిదే కాదు. 1991లో సిడ్ మైయర్, బ్రూస్ షెల్లీ కలిసి మైక్రోప్రోజ్‌లో మొదటి సివిలైజేషన్ చేసినప్పటి నుంచీ ఉంది. ఆ ఆటలో ప్రతి నగరానికీ షీల్డులు (ప్రొడక్షన్‌కు ఆ ఆటలో పేరు) పడే ఒక డబ్బా ఉంటుంది. సైనికులైనా, గుడి అయినా, పిరమిడ్లైనా ఆ డబ్బాలోంచే రావాలి. ఆట మొదట్లో ఇది అద్భుతంగా పనిచేస్తుంది. ఊరికి టర్న్‌కి రెండో మూడో షీల్డులు వస్తుంటాయి. 10 షీల్డుల మిలీషియాను తయారు చేసుకుని ఊరు కాపాడుకోవాలా, 40 షీల్డుల సెట్లర్లను తయారు చేసి రెండో ఊరు పెట్టాలా? రెండోదే ఎంచుకున్నావు, ఈలోగా దోపిడీ మూక వచ్చిపడితే? టెన్షన్ అక్కడి నుంచి వస్తుంది. ఒకటి కావాలంటే రెండోది వదులుకోవాలి, ఆ వదులుకున్నది కనిపిస్తూనే ఉంటుంది. నీ మొదటి 40 టర్న్‌లు బాగున్నాయంటే కారణం ఇదే.

ఆట సగానికి వచ్చేసరికి ఆ వదులుకోవడం పోతుంది. డబ్బా పెద్దదవుతుంది, శత్రువు దూరమవుతాడు. బజారు ఇప్పుడు కట్టకపోతే ఇంకో పది టర్న్‌లకు కడతారు. ఎలాగూ అన్ని ఊళ్లలోనూ అన్నీ కట్టేస్తారు, ముందా వెనకా అన్నదే తేడా. నీ లెక్కే తీసుకో. 31 కట్టడాలు, 16 ఊళ్లు. గుణిస్తే 496. ఒక్క ఆటలో సైనికుల సంగతి పక్కనపెడితేనే 496 సార్లు ‘ఏం కట్టాలి?’ అని అడుగుతున్నావు. దానికి జవాబు మాత్రం ‘అన్నీ’.

అందుకే మొట్టమొదట చేయాల్సిన పని, ఏ ఊళ్లోనూ అన్నీ కట్టే వీలు లేకుండా చేయడం.

దీన్ని సివ్ 6 (ఆ సివిలైజేషన్ వరసలోనే ఆరోది) ఎలా చేసిందో చూడు. 2016లో వచ్చిన ఆ ఆటలో విద్యకు, వర్తకానికి, పరిశ్రమకు, సైన్యానికి వేరువేరు డిస్ట్రిక్టులు. అవి ఊరి మధ్యలో కాకుండా చుట్టూ ఉన్న టైల్స్ (మ్యాప్ గళ్లు) మీద స్థలం తీసుకుంటాయి. ఎన్ని కట్టొచ్చన్నది జనాభాను బట్టి ఉంటుంది. మొదటిదానికి అడ్డేమీ లేదు కానీ రెండోదానికి జనాభా 4 కావాలి, మూడోదానికి 7, అలా ప్రతి మూడుకీ ఒకటి. దీంతో ‘ఎప్పుడు కట్టాలి?’ అన్న ప్రశ్న కాస్తా ‘ఏది కట్టాలి, ఎక్కడ కట్టాలి?’ అని మారిపోయింది. కొండల పక్కన క్యాంపస్ (విద్య డిస్ట్రిక్ట్) పెడితే సైన్స్ ఎక్కువొస్తుంది. కానీ ఆ టైల్‌లో గనికి అనువైన గుట్ట ఉంటే? అక్కడ ఆటగాడు ఆగుతాడు.

అయితే అదే ఆటలో ఒక తప్పు కూడా ఉంది, దాన్ని మాత్రం దించుకోకు. నువ్వు సైన్సులో, సివిక్స్‌లో ముందుకు పోయేకొద్దీ డిస్ట్రిక్ట్ ఖర్చు పెరుగుతూ పోతుంది. కానీ స్థలం చూసి పునాది వేసేస్తే ఆ రోజు ధర అలాగే ఉండిపోతుంది. ఇంకేముంది, తెలిసినవాళ్లు వీలు దొరకగానే పునాది రాయి పాతేసి, దాన్నలాగే వదిలేసి వేరే పని చూసుకుంటారు. మనకు తెలియని వ్యవహారమా ఇది! శంకుస్థాపన చేసి వెళ్లిపోవడమే. ఆ కిటుకు తెలిసినవాడికి లాభం, తెలియనివాడికి నష్టం. ఆటలో అందులో తెలివేమీ లేదు, ఒట్టి గుర్తుపెట్టుకునే పని. ధర పెంచాలనుకుంటే కాలాన్ని బట్టి కాకుండా, అదే రకం కట్టడాలు నీ రాజ్యంలో ఎన్ని ఉన్నాయో దాన్నిబట్టి పెంచు. మూడో బజారు రెండోదానికంటే ఖరీదైతే, అది ఏ ఊరికి ఎక్కువ పనికొస్తుందో ఆటగాడు ఆలోచిస్తాడు.

నీకైతే ఇంత భారీ ఏర్పాటు అక్కర్లేదు. ఇద్దరే ఉన్నారు. ఒక్కో ఊరికి నాలుగు ఖాళీ స్థలాలు పెట్టండి, పెద్ద ఊరికి ఆరు. 31 కట్టడాల్లోంచి ఏ నాలుగు అన్నది ఆటగాడి ఇష్టం. తీసేసి వేరేది కట్టుకోవచ్చు, కానీ పెట్టిన ప్రొడక్షన్ తిరిగి రాదు. కమ్మరి ఊరు, ఓడల ఊరు, బడుల ఊరు అని వాటికవే పేర్లొస్తాయి. ‘ఆ కమ్మరి ఊరు పోయింది రా’ అని నీ టెస్టర్ అన్న రోజున పని అయిందనుకో. ఇప్పుడు మీ ఆటలో ఒక ఊరు పోతే వాళ్లు పేరుతో బాధపడుతున్నారా? లేదనే నా అనుమానం.

ఇంకో దారి హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3 ది. 1999 నాటి ఆట అయినా ఇప్పటికీ ఆడేవాళ్లున్నారు, నేనూ వాళ్లలో ఒకణ్ణి. మీవాడు ‘ప్రొడక్షన్ తీసేద్దాం’ అన్నాడు కదా, ఈ ఆటలో నిజంగానే ప్రొడక్షన్ లేదు. బంగారం, కలప, రాయి లాంటి వనరులు ఉంటే కట్టడం వెంటనే లేస్తుంది. కానీ ఒక ఊళ్లో రోజుకు, అంటే టర్న్‌కు, ఒక్కటే కట్టాలి. ఆ ఒక్క నియమంలో ఎంత ఉందో చెప్తాను. వారానికి ఏడు రోజులు. ప్రతి వారం మొదటి రోజున కొత్త సైన్యం పుట్టుకొస్తుంది. అంటే ఏడో రోజు లోపు సైనికుల నివాసం కట్టకపోతే ఆ వారం సైన్యం రానట్టే. సిటాడెల్ కడితే పుట్టుక సగం పెరుగుతుంది, క్యాజిల్ కడితే రెట్టింపవుతుంది. మరోవైపు డబ్బు కట్టడాలు పిలుస్తుంటాయి. టౌన్ హాల్ రోజుకు 1000 బంగారం, సిటీ హాల్ 2000, క్యాపిటల్ 4000. సిటీ హాల్‌కి 5000, క్యాపిటల్‌కి 10,000 ఖర్చవుతుంది. ఈ రోజు డబ్బు కోసం కడితే సైన్యం వెనకబడుతుంది, సైన్యం కోసం కడితే వచ్చే వారం జేబు ఖాళీ. మొదటి వారంలో ఉన్న ఆ ఏడు నిర్ణయాల మీద ఆడేవాళ్లు ఇరవై ఏళ్లకు పైగా వాదించుకుంటూనే ఉన్నారు.

గమనించావా, అక్కడ టెన్షన్ తెచ్చింది ఖర్చు ఒక్కటే కాదు, గడువు. నీ ఆటలో గడువే లేదు. గాదె ఇవాళ పూర్తయినా, మూడు టర్న్‌ల తర్వాత పూర్తయినా తేడా తెలియదు. నది ఒడ్డు రాజ్యం అంటున్నావు కదా, వరద ఎప్పుడొస్తుంది? కోత ఎప్పుడు? ప్రతి 10 టర్న్‌లకూ ఒక కోత పెట్టి చూడు. కోతనాటికి గాదె ఉంటే ధాన్యం నిలవ ఉంటుంది, లేకపోతే సగం పాడవుతుంది. అలాగే వరదకు ముందే గట్టు కట్టాలి. ఇలా రెండు తేదీలు పెట్టావంటే, 22 టర్న్‌ల సంగతి ఎవరూ ఎత్తరు. ‘కోతకు ఇంకా ఆరు టర్న్‌లే ఉంది, గాదెకు ఏడు పడుతుంది’ అని తల పట్టుకుంటారు. అప్పుడు డబ్బిచ్చి ఒక టర్న్ కొనుక్కోవడానికి కూడా ఒక అర్థం ఉంటుంది.

ఇక ఊళ్ల సంఖ్య. పదహారు ఊళ్లకూ ప్రొడక్షన్ దేనికి? 2025లో వచ్చిన సివ్ 7 ఇక్కడ మంచి పని చేసింది. ఆ ఆట మీద నాకు వేరే ఫిర్యాదులు చాలా ఉన్నాయి, అవి ఇప్పుడొద్దు. అందులో కొత్తగా పెట్టే ప్రతి ఊరూ టౌన్‌గానే మొదలవుతుంది. టౌన్‌లో ప్రొడక్షన్ అంతా బంగారంగా మారిపోతుంది, అక్కడ కట్టాలంటే డబ్బిచ్చి కొనాలి. కొంచెం పెరిగాక ఆ టౌన్ ఏ పనికి అంకితమో చెప్పొచ్చు, తిండిని దగ్గర్లోని నగరాలకు పంపిస్తుంది. కావాలంటే డబ్బు కట్టి దాన్ని నగరంగా మార్చుకోవాలి. అలా ‘ఏం కట్టాలి’ అని అడిగే ఊళ్లు నాలుగైదే ఉంటాయి.

నువ్వూ అదే పద్ధతిలో పల్లె, పట్నం అని రెండు రకాలు చేయి. పల్లె తన జీవితంలో ఒక్క ప్రశ్నే అడగాలి: నేను వరి పండించాలా, చేపలు పట్టాలా, కలప కొట్టాలా? ఆ తర్వాత అది నోరెత్తదు, దాని సరుకు దగ్గరి పట్నానికి చేరుతుంటుంది. పల్లెను పట్నం చేయడం అనేది ఆటలో నాలుగైదుసార్లకు మించి జరగని పెద్ద నిర్ణయం అవ్వాలి. కొత్త ఊళ్లో గాదెకు 22 టర్న్‌ల గొడవ కూడా దీంతోనే పోతుంది. ఆ గొడవకు మూలం ఏమిటంటే, వందో టర్న్‌లో పుట్టిన ఊరు కూడా మొదటి టర్న్‌లో పుట్టిన ఊరిలాగే ఒకటి నుంచి లెక్కపెట్టుకుంటూ రావాలి. లోకమంతా కోటలు కట్టుకుంటుంటే అది ఇంకా గాదె దగ్గరే ఉంటుంది. పల్లె పట్నమైన రోజునే గాదె, బావి, బజారు లాంటి ఆ కాలానికి మామూలైనవన్నీ దానికి ఉచితంగా ఇచ్చేయి. వాటిని స్థలాల లెక్కలో కూడా వేయకు.

అసలు ఏవి మామూలు, ఏవి కావు అన్నది ఎలా తేల్చాలి? అందుకు క్యూ పనికొస్తుంది. క్యూ పెట్టు, అందులో ఆలోచించేదేమీ లేదు. సివ్ 6 వచ్చినప్పుడు క్యూ లేదు, 2019లో గాని చేర్చలేదు. అన్నేళ్లు ఎందుకు ఆగారో నాకిప్పటికీ అర్థం కాదు. సివిలైజేషన్ తరహాలోనే ఉచితంగా దొరికే ఫ్రీసివ్‌లో అయితే ఒక లిస్టు తయారు చేసి దాచుకుని ఏ ఊరికైనా తగిలించుకోవచ్చు. నువ్వు అది కూడా పెట్టి, టెస్టర్లు ఏం దాచుకుంటున్నారో చూడు. పదిమందిలో ఎనిమిది మంది ‘గాదె, బావి, గుడి, బజారు’ అనే ఒకే వరస దాచుకున్నారంటే, ఆ నాలుగింటి విషయంలో నీ ఆట వాళ్లను ఏమీ అడగడం లేదని తేలినట్టే. వాటిని ప్రశ్నల లిస్టులోంచి తీసెయ్. క్యూ బోర్‌ను కప్పిపుచ్చుతుంది కూడా, అందుకే ముందు ఈ పరీక్షకు వాడుకోమంటున్నాను.

కంప్యూటర్‌కు అప్పజెప్పడం మీద నాకు నమ్మకం లేదు. 2003లో మాస్టర్ ఆఫ్ ఓరియన్ 3 ఆ దారిలోనే వెళ్లింది. గ్రహానికో వైస్రాయ్, ఏం కట్టాలో వాళ్లే చూసుకుంటారు. ఆటగాడు పెట్టినదాన్ని వైస్రాయ్ మార్చేస్తున్నాడని అప్పట్లో ఒకటే తిట్లు. దానికి పదేళ్ల ముందు, 1993లో వచ్చిన మొదటి మాస్టర్ ఆఫ్ ఓరియన్ ఇదే సమస్యను ఎంత సులువుగా తేల్చిందో చూడు. ఒక్కో గ్రహానికి ఐదు స్లైడర్లు: ఓడలు, రక్షణ, పరిశ్రమ, పర్యావరణం, పరిశోధన. కట్టడాల లిస్టే లేదు. ఈ గ్రహం శక్తిలో ఎంత దేనికి పోవాలో జరిపి వదిలేయడమే, మళ్లీ అవసరం వచ్చేదాకా దాని ముఖం చూడక్కర్లేదు. కంప్యూటర్ నీ అంత బాగా జవాబు చెప్పగలిగే ప్రశ్న అయితే ఆటగాణ్ణి అడగడం దేనికి? చెప్పలేని ప్రశ్న అయితే దానికెలా అప్పజెప్తావు? ఇంకో మాట, ప్రత్యర్థి రాజ్యాలను నడిపే కంప్యూటర్ బుర్ర కూడా నువ్వే రాయాలి కదా. ప్రశ్నలు తగ్గితే ఆ పని కూడా తేలికవుతుంది.

డబ్బుతో కొనడం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. చిన్న ఫార్ములా అనుకుని పెడతారు, ఆట మొత్తాన్ని వంకర చేసేస్తుంది. ఫ్రీసివ్ పాత నియమాల్లో కట్టడం ధర ఇలా ఉంటుంది. ఇంకా కావాల్సిన షీల్డులను రెండుతో గుణించు, వాటి వర్గాన్ని (ఆ సంఖ్యను దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) 20తో భాగించి కలుపు. డబ్బా పూర్తిగా ఖాళీగా ఉంటే వచ్చినదానికి రెట్టింపు. 60 షీల్డుల కట్టడం తీసుకో. మొదలుపెట్టిన టర్న్‌లోనే కొంటే 120, 180 కలిపి 300, ఖాళీ డబ్బా కాబట్టి 600 బంగారం. ఒక్క టర్న్ ఆగావు, 10 షీల్డులు పడ్డాయి. ఇప్పుడు కావాల్సింది 50. ధర 100, 125 కలిపి 225. ఒక్క టర్న్‌కే 375 మిగిలింది! మొదటి టర్న్‌లో కొనేవాడు వెర్రివాడు. ఆ లెక్క తెలిశాక ఆటగాడు ఏం చేస్తాడంటే, ప్రతి ఊళ్లోనూ ఏదో ఒకటి మొదలుపెట్టి, ప్రతి టర్న్‌లోనూ అన్ని ఊళ్లూ తిరిగి, ఎక్కడ చవగ్గా ఉందో చూసి కొంటాడు. అంటే నువ్వు తగ్గిద్దామనుకున్న క్లిక్కులే మళ్లీ వచ్చిపడ్డాయి, ఈసారి లెక్కల మాస్టారి వేషంలో.

సివ్ 6 వాళ్లు దీన్ని తిప్పికొట్టి, ప్రొడక్షన్ ఖర్చుకు సుమారు నాలుగు రెట్లు బంగారం అని పెట్టేశారు. సగం కట్టావా, మొత్తం కట్టావా అన్నది చూడరు. లెక్క సులువే. కానీ ముప్పాతిక భాగం కట్టినదానికీ పూర్తి ధర ఇవ్వాలంటే ఎవరికైనా కడుపు మండుతుంది. నీకు నా సలహా: ఇంకా కావాల్సిన ప్రతి ప్రొడక్షన్ యూనిట్‌కూ ఒకే ధర పెట్టు, మూడు బంగారం అనుకో. వర్గాలు, రెట్టింపులు వద్దు. దానికి తోడు రాజ్యం మొత్తానికి కోతకూ కోతకూ మధ్య ఒక్కటంటే ఒక్క కొనుగోలే అని నియమం పెట్టు. అప్పుడు ఏ ఊరికి కొనాలన్నది నిజంగా ఆలోచించాల్సిన విషయం అవుతుంది.

మిగిలిపోయిన ప్రొడక్షన్ సంగతి కూడా చూసుకో, నువ్వు ఉత్తరంలో రాయలేదు కానీ కోడ్‌లో ఇదెక్కడో దాక్కుని ఉంటుంది. సివ్ 3లో కట్టడం పూర్తవగా మిగిలిన షీల్డులు గాలికి పోయేవి. రెండు షీల్డులు కావాల్సిన చోట పది పడితే ఎనిమిది నష్టం. పట్టుదల ఉన్న ఆటగాళ్లు ఆ ఎనిమిది కోసం ప్రతి టర్న్‌లోనూ జనాన్ని ఈ టైల్ నుంచి ఆ టైల్‌కు మార్చుతూ కూర్చునేవారు. సివ్ 4 వచ్చాక మిగులు తర్వాతి కట్టడానికి పోవడం మొదలైంది, ఆ బాధ తీరింది. నువ్వు కూడా మిగులు మోసుకెళ్లు. కానీ ఒక గుంట ఉంది, చూసుకో. నీ ఆటలో కోటగోడలకు ప్రొడక్షన్ రెట్టింపు అనే వరం ఒకటి ఉందనుకుందాం. 80 ఖర్చయ్యే గోడకు ఇంకా 4 కావాలి. ఆటగాడు పక్కనున్న అడవి కొట్టించాడు, 40 వచ్చాయి. రెట్టింపు చేస్తే 80. గోడకు 4 పోగా మిగిలిన 76 తర్వాతి కట్టడానికి పంపావనుకో, ఆ కట్టడం గోడ కాకపోయినా రెట్టింపు ఫలితం దొంగదారిన దానికి వెళ్లిపోయింది. 4 కావాలంటే అసలు ప్రొడక్షన్‌లో 2 చాలు, కాబట్టి పంపాల్సింది 38. మిగులును రెట్టింపు చేయకముందు లెక్కలోనే దాచు. లేకపోతే మీ ఆట బయటికొచ్చిన వారానికే ఎవడో ఒకడు అడవులన్నీ గోడల పేరుతో నరికేసి రాజభవనం లేపుతాడు.

మధ్యలో మనసు మార్చుకుంటే శిక్ష వేయాలా అని కూడా నీకు సందేహం వస్తుంది. సివ్ 2లో సైనికుల కోసం పోగుచేసింది కట్టడానికి మళ్లిస్తే సగం పోతుంది. మీ ఆటకు అంత కఠినం వద్దు, ఎందుకంటే మీకు స్థలాల పరిమితి ఉంటుంది, అదే చాలు.

దీనికి దగ్గరి విషయమే ఇంకొకటి, ఒకే డబ్బా ఉండాలా అన్నది. సివ్ 4 రూపకర్త సోరెన్ జాన్సన్ తర్వాత చేసిన ఓల్డ్ వరల్డ్‌లో నగరానికి మూడు వేర్వేరు శక్తులుంటాయి. ఎదుగుదలతో సెట్లర్లు, పనివాళ్లు వస్తారు. శిక్షణతో సైన్యం. పౌర వ్యవహారాల శక్తితో నిపుణులు, పథకాలు. నగరం ఒకసారికి ఒక్కటే తయారు చేస్తుంది, ఆ సమయంలో వాడని శిక్షణ, పౌరశక్తి రాజ్యం ఖజానాకు చేరతాయి, ఎదుగుదల జనాభాకు పోతుంది. దేన్నీ వృథా చేయదు. ‘కట్టడానికేమీ లేదు కాబట్టి డబ్బు చేసుకో’ అనే నీరసపు ఆప్షన్ కూడా అక్కర్లేదు. నాకు ఈ ఆలోచన చాలా ఇష్టం. కానీ మొదటి ఆటకే మూడు డబ్బాలు పెడితే స్క్రీన్ మీద వాటిని అర్థమయ్యేలా చూపించడానికే మీవాడికి ఆరునెలలు పడుతుంది. మీకు రెండు చాలు: ఊరి కూలి, సేన. కట్టడాలు కూలి నుంచి, సైనికులు సేన నుంచి. యుద్ధం రాగానే బడి ఆపేసి పదహారు ఊళ్లనూ ఒకేసారి ఈటెగాళ్ల ఫ్యాక్టరీలుగా మార్చేయడం దీంతో ఆగిపోతుంది. ఒకవేళ ఆ మార్పిడే మీ ఆటకు మజా అనిపిస్తే ఒకే డబ్బా ఉంచుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు.

ఇవన్నీ ఒకేసారి చేయొద్దు. ఈ వారాంతంలో కోడ్ అసలు తెరవకు. ఒక టెస్టర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, కాగితం మీద రెండు గీతల వరసలు పెట్టుకో. కట్టడం ఎంచుకునే విండో వచ్చినప్పుడల్లా అతను ఆగి ఆలోచిస్తే ఇటు గీత, వెంటనే నొక్కేస్తే అటు గీత. నేను ఒకప్పుడు ఇలాంటి ఆటే మొదలుపెట్టి సగంలో వదిలేశాను. ఈ పరీక్ష చేసినప్పుడు ఆగిన గీతలు రెండు చేతుల వేళ్లకు సరిపోయాయి, రెండోవైపు కాగితం నిండిపోయింది. వదిలేయడానికి అదే కారణం, ఇప్పుడైతే వదిలేసేవాణ్ణి కాదు. ఏ కట్టడం దగ్గర ఒక్కసారి కూడా ఎవరూ ఆగలేదో దాన్ని తీసెయ్, లేదా ఉచితంగా ఇచ్చెయ్. 31లో పన్నెండు మిగిలినా చాలు. ఆ తర్వాత పల్లె, పట్నం. ఆ తర్వాత కోత గడువు. సగానికి తగ్గించిన ఖర్చులను మళ్లీ పాత చోటికి తెచ్చి, అప్పుడు ఆడించి చూడు. కొనుగోలు అన్నిటికంటే చివర.

ప్రొడక్షన్ పూర్తిగా తీసేద్దామన్న మీవాడికి నా మాటగా చెప్పు: ఆ మొదటి 40 టర్న్‌లు నడుస్తున్నది దానిమీదే, భలే ఉన్నాయని టెస్టర్లు అన్నదీ వాటినే. ఏం మార్చినా వాటి జోలికి మాత్రం పోవద్దు.